తిన్నగా వెళ్ళండి

“దారి అడిగినవాళ్ళకి ‘తిన్నగా వెళ్ళండి’ అని మాత్రం చెప్పకమ్మాయ్. వెనిస్‌లో తిన్నగా పోయేది ఒక్క వాన చినుకే. అదీ గాలి లేనప్పుడు,” అంది నీవెస్, పోస్టుకార్డుల స్టాండు తుడుస్తూ.

వంతెన కింది ఆ పేపర్ల బడ్డీలో ముప్ఫైఎనిమిదేళ్ళు కూర్చుంది నీవెస్. సోమవారం నుంచి అది ఆ పేటలోనే పెరిగిన ఒర్నెల్లాది. వంతెనలెక్కి దిగి నీవెస్ మోకాళ్ళు అరిగిపోయాయి. కాలవ దాటి, లిఫ్టున్న ఇంట్లో ఉంటున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. అమ్మకాల సంగతి పావుగంటలో చెప్పేసింది. మిగిలిన పొద్దంతా ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలన్నదే పాఠం.

“చక్రాల పెట్టెలు మెట్ల మీద ఈడవొద్దను. వంతెన మీద కూర్చుని తినొద్దను. తిండికి ఫొటోలు తీసి గుమ్మానికి తగిలించిన హోటలుకి అసలు వెళ్ళొద్దను. ఉండేది ఒక్క పూటే అయితే, ఆ పెద్ద చర్చి ముందు నిలబడి కాళ్ళు పీక్కునే బదులు మన వెనక సందుల్లో తిరగమను. వినరులే. అయినా చెప్పు.”

కూరగాయల చేతిబండి తోసుకొస్తున్న బేపి ఆగాడు. “జాగ్రత్త ఒర్నెల్లా. ఈవిడ పేపర్లు అమ్మింది తక్కువ, జనాన్ని నడిపించింది ఎక్కువ.”

“నీ టొమాటోలు బండిలోనే పులుసైపోతున్నాయి. ముందు వాటిని నడిపించు,” అంది నీవెస్.

బేపి నవ్వుకుంటూ వంతెనెక్కాడు. అతనన్నది అబద్ధం కాదు. బడికి వెళ్ళే రోజుల్లో ఒర్నెల్లా చూసేది: బడ్డీ మూసి, ‘ఇప్పుడే వస్తాను’ అని అట్ట వేలాడుతూ ఉండేది, నీవెస్ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళని వెంటబెట్టుకుని సందు మలుపు తిరుగుతూ కనబడేది.

“సియోరా నీవెస్, అందరం ‘తిన్నగా’ అనే కదా అంటాం. మా అమ్మా అంతే, నేనూ అంతే. మీకెందుకొచ్చిన శ్రమ?”

నీవెస్ చేతిలో గుడ్డ ఆగింది.

“నేనూ అలాగే అన్నాను. అందుకే.”

ఒర్నెల్లా పేపర్ల కట్ట మీద కూర్చుంది.

“పందొమ్మిదేళ్ళయింది. ఇలాగే నవంబరు. పోలండు నుంచి ఒక ముసలాయన, చేతిలో తెల్ల చామంతులు. శ్మశానం దీవికి పడవ ఎక్కడెక్కాలన్నాడు. తమ్ముడు ఇక్కడ రాతిపని చేస్తూ పోయాడట. గడువు తీరింది, మర్నాడు పొద్దున తవ్వేస్తారు.”

గడువంటే ఒర్నెల్లాకి చెప్పక్కర్లేదు. ఆ దీవిలో మట్టి ఎవరికీ కలకాలం కాదు. కొన్నేళ్ళకి ఎముకలు తీసేస్తారు. ఆమె తాతనీ అలాగే తీశారు. అడిగే మనిషి ఉన్నాడు కాబట్టి అక్కడి గోడ గూట్లో పెట్టారు. అడిగేవాళ్ళు లేనివన్నీ ఒకచోట కలిసిపోతాయి.

“పేరున్న శిలువని ఒక్కసారి చూసుకోవాలని వచ్చాడు. ఇంటి దగ్గర పెళ్ళాం మంచం మీదుందట, సాయంత్రం రైలుకే తిరిగి వెళ్ళాలి. నేను తలెత్తకుండా ‘తిన్నగా వెళ్ళండి, పది నిమిషాలు’ అన్నాను. మూడు వంతెనలు, ఏడు మలుపులు. గంటన్నర తిరిగి చీకటిపడే వేళకి మళ్ళీ నా బడ్డీ ముందే తేలాడు. దీవి గేటు అప్పటికే మూసేశారు.”

“తిట్టాడా?”

“తిట్టినా బాగుండేది. పూలు నా బల్ల మీద పెట్టాడు. కాగితం మీద తమ్ముడి పేరు రాసిచ్చి, రేపు మీరు పెడతారా అన్నాడు. పెడతానన్నాను. తెల్లారకముందే సముద్రం పొంగుతోందని సైరన్ మోగింది, నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. ముందు నా పత్రికల కట్టలు పైకెత్తుకున్నాను. తడిస్తే ఎవడు కొంటాడని. అన్నీ ఎత్తి దీవికి వెళ్ళేసరికి ఆ వరసంతా తవ్వేశారు.”

నీవెస్ బల్ల కింద వెతికి, శిలువకి బిగించే అరచెయ్యంత ఎనామెల్ పలక తీసింది. అంచు పెచ్చులూడింది. ఆ తమ్ముడి పేరు, లెషెక్, మాత్రం చెదరలేదు.

“చెత్త తోపుడుబండిలో దొరికింది. అన్నగారికి పంపుదామంటే ఊరి పేరైనా అడగలేదు నేను. ఆయన వస్తాడని చూశాను. ఆయన కాకపోతే కొడుకో కూతురో. ఇది నాతో తీసుకెళ్తే వాళ్ళకి దొరకదు కదా. బల్ల కిందే ఉండనీ.”

ఒర్నెల్లా పలకని రెండు చేతులతో అందుకుంది. “ఉంచుతాను సియోరా.”

అప్పుడే ఒకావిడ బడ్డీ ముందు ఆగింది. చంకలో చామంతులు, చేతిలో మడతలు నలిగిన మ్యాపు. శ్మశానం పడవకి ఎటు అని వచ్చీరాని భాషలో అడిగింది. ఒర్నెల్లా చెయ్యి దానంతటదే ఎదురుగా లేచింది, మాట ‘తిన్న—’ దగ్గర ఆగిపోయింది.

నీవెస్ ‘ఇప్పుడే వస్తాను’ అట్ట తీసి ఒర్నెల్లా చేతిలో పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. “ఇవాళ ఇది వద్దులే, నేనున్నాను. నువ్వెళ్ళమ్మాయ్. మలుపు దాకా కాదు, పడవెక్కించి రా. దారిలో మెల్లగా అడుగు, మీది పోలండా అని.”