సలీం ఫొటోలకు నేను వేసిన తాళం

నాలుగేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. తిండి దిగుతుంది, నీళ్లు దిగుతాయి, ఆ మాట మాత్రం పైకి రాదు, లోపలికి పోదు. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది. నా పేరు అడగకండి. బాన్సువాడ బస్టాండు చుట్టుపక్కల నెట్ సెంటర్లు కొన్ని ఉన్నాయి, అందులో ఒకటి నాది. అంతవరకు చాలు.

సలీం నా దోస్తు. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. లారీ డ్రైవరు కావాలన్నది వాడి కోరిక. వాళ్ల నాన్న మద్నూర్ మీదుగా మహారాష్ట్రకు లారీ తోలేవాడు, వీడి చిన్నప్పుడే పోయాడు. కొడుకు స్టీరింగు పట్టకూడదని దేవుడే అనుకున్నాడో ఏమో, సలీంకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలిసేది కాదు. లైసెన్సు కోసం పోతే డాక్టరు రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి అందులో ఏ అంకె ఉందో చెప్పమన్నాడట. చుక్కలు చాలా బాగున్నాయి సార్ అని వచ్చాడు వీడు. ఆ తర్వాత బీర్కూర్ రోడ్డులో రైస్ మిల్లులో లారీలు తూచే కాంటా దగ్గర పనికి కుదిరాడు. లారీలు చూడటం అక్కడ, తోలటం మా సెంటర్లో, మూడో కంప్యూటర్ ముందు.

అది ఆన్‌లైన్‌లో లారీ తోలే ఆట. ఏవేవో దేశాల రోడ్లు, మంచు, సొరంగాలు, సముద్రం మీద వంతెనలు. మిగతావాళ్లు పోటీలు పడి తోలుతుంటే వీడు ఎడ్లబండి తోలినట్టు మెల్లగా పోయేవాడు. బాగున్న చోట లారీ ఆపి స్క్రీన్‌షాట్ తీసి తన ప్రొఫైల్‌లో పెట్టుకునేవాడు. ఎవరైనా చూడొచ్చు, దాపరికం లేదు. శుక్రవారం నమాజు అయ్యాక వాళ్ల అమ్మను తీసుకొచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూపించేవాడు. ఆమెను నేను ఖాలా అంటాను, పిన్ని అన్నట్టు. చదువు రాదు కానీ ఒకసారి చూసిన ఫొటోను మరిచిపోదు. ఇది ఏ ఊరు అని ఆమె అడిగితే వీడు నోటికొచ్చిన పేరు చెప్పేవాడు.

మా పని గురించి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఏ ఖాతా తెరవమన్నా ఫోన్ నంబరు నాదే ఇస్తారు. పాస్‌వర్డు కూడా నేనే పెట్టి నా నోటుబుక్కులో రాసుకుంటాను. మరిచిపోతే మళ్లీ నా దగ్గరికే వస్తారు కదా. అది తప్పని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. సలీం ఖాతా కూడా అలా తెరిచిందే. సగం ఊరి తాళాలు నా సొరుగులో ఉన్నాయని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఆ రోజు పొద్దున వాన. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు ఆఖరి రోజు, సెంటర్లో కాలు పెట్టే సందు లేదు. సలీం ఇంట్లోనే ఫోన్లో అదే ఆట తెరిచి అందులోంచే నాకు మెసేజ్ పెట్టాడు. "మనసు మంచిగ లేదురా. మంజీర దిక్కు పోయొద్దాం, వస్తవా?" పనుందన్నాను. "ఒక్క గంట రా" అన్నాడు. నేను టైప్ చేసింది ఇది: "పోయి సావురా, సతాయించకు."

మా దగ్గర ఈ మాట పూటకు పదిసార్లు అంటాం. చాయ్ ఆలస్యం చేసినవాణ్ణి అంటాం, క్యారమ్ బోర్డులో ఓడగొట్టినవాణ్ణి అంటాం. మాటవరసకు అన్నానని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ ఆ రోజు నవ్వుతూ అనలేదు. విసుక్కుంటూ అన్నాను. ఆ తేడా నాకు తెలుసు. వాడికి తెలిసిందా?

సాయంత్రం మంజీర వంతెన దగ్గర వాడి బండి దొరికింది. తాళం చెవి దానికే ఉంది. పైన నిజాంసాగర్ గేట్లు ఎత్తారు, నది నిండుగా పోతోంది. మూడు రోజులు వెతికారు, ఏమీ దొరకలేదు. జారిపడ్డాడా, తనే దిగాడా, ఎవరూ చూడలేదు.

రెండో రోజు పొద్దున వాడి ప్రొఫైల్ తెరిచి చూశాను. చిట్టచివరి స్క్రీన్‌షాట్ ఆ వాన పొద్దుటిదే. ఆటలో కూడా వానే. లారీ రోడ్డు పక్కన దీపాలు వేసుకుని ఆగి ఉంది. కింద మూలన మా ఇద్దరి మాటలు, అన్నిటి కిందా నా మాట. దాన్ని ఎందుకు ఫొటో తీసి పెట్టాడు? నాకు చూపించడానికా? వేలు తగిలిందా? ఎన్నిసార్లు ఆలోచించినా తెగదు.

పోలీసులు దోస్తులను పిలిచి అడుగుతున్నారు. నాకు భయమేసింది. దుఃఖం కంటే ముందు భయమేసింది, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నోటుబుక్కు తీసి మూడో కంప్యూటర్లో వాడి పేరుతో లోపలికి వెళ్లాను. ఫొటోలు ఎవరికి కనిపించాలి అనే చోట మూడు గళ్లు ఉంటాయి: అందరికీ, స్నేహితులకు, నాకు మాత్రమే. ఒక్క ఫొటో దాస్తే సరిపోయేది. ఆ తొందరలో అన్నీ కలిపి ఎంచుకునే గడి కనిపించింది, అది నొక్కి, నాకు మాత్రమే అన్నది కూడా నొక్కేశాను. వాడు తోలిన రోడ్లన్నీ ఒక్క దెబ్బకు మాయమయ్యాయి.

తల తిప్పితే కౌంటర్ మీద నా కంప్యూటర్లో, నా స్నేహితుల వరుసలో, సలీం పేరు పక్కన పచ్చదీపం వెలుగుతోంది. వాడు ఆన్‌లైన్‌లో ఉన్నాడు. వాడి పేరుతో కూర్చున్నది నేనేనని తెలిసి కూడా ఒళ్లు జల్లుమంది. వాడి ఖాతాలోంచి బయటికి వచ్చేశాను. దీపం వెంటనే ఆరలేదు, కాసేపు అలాగే ఉండి ఆరింది.

ఆ దీపాన్ని ఇంకొకరు కూడా చూశారు. మద్నూర్‌లో గణేశ్ అని ఒకతను ఉన్నాడు, సలీంతో కలిసి ఆడేవాడు. అతను ఖాలాకు ఫోన్ చేశాడు. ఆ శుక్రవారం ఆమె ఒక్కతే మా సెంటరుకు వచ్చి ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"బేటా, మావోడు ఆటలకొచ్చిండంట గద. మద్నూర్ పిలగాడు చెప్పిండు."

"మిషన్ల ఏదో తప్పు చూపించినట్టుంది ఖాలా."

"ఫొటోలు చూపియ్యి."

నా ఖాతాలోంచి వాడి ప్రొఫైల్ తెరిచాను. అంతా ఖాళీ. వీటిని చూసే అనుమతి మీకు లేదు అని ఒక్క వాక్యం ఉంది. చదివి చెప్పాను.

"మొన్నటిదాంక కనవడ్డయి గదా?"

"ఇప్పుడు తాళం పడ్డది ఖాలా."

"ఎవలేసిన్రు?"

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేనన్నది ఇది: "ఎవల ఖాతాకు వాళ్లే ఏస్కుంటరు."

వాడు పోయిన తర్వాత మొదటిసారి ఆమె ముఖం విప్పారింది.

"సచ్చినోడు తాళమేస్తడా బేటా?"

అంతే. ఆ రోజు నుంచి ఖాలాకు కొడుకు బతికే ఉన్నాడు. ఎవరైనా పరామర్శకు వస్తే కోపగించి పంపేసింది. వాడి బట్టలు ఎవరికీ ఇవ్వలేదు. ఊళ్లో జాలిపడ్డారు, తర్వాత వదిలేశారు. ఆమె మాత్రం ప్రతి శుక్రవారం వచ్చి, తాళం తీశాడా అని అడిగి, లేదంటే కాసేపు కూర్చుని పోయేది.

నేనేం చేశాను? బయటపడే దారి వెతకకుండా ఇంకా లోపలికి దిగాను. తీసేద్దామని అప్పుడప్పుడు వాడి పేరుతో వెళ్లేవాణ్ణి, తీస్తే నా మాట కనిపిస్తుందని ఆగిపోయేవాణ్ణి. ఆ ఒక్క ఫొటో చెరిపేయొచ్చు కదా అంటారు. వాడు చివరిగా చూసినదాన్ని చెరిపే ధైర్యం నాకు లేదు. ఒక మధ్యాహ్నం సెంటర్ ఖాళీగా ఉంటే ఆట కూడా తెరిచాను. లారీ వాడు ఆపిన చోటే, వానలో, దీపాలతో ఉంది. నా కోసమే ఆగి ఉన్నట్టు అనిపించింది. కొంచెం దూరం తోలాను, భయమేసి మూసేశాను. మరోసారి చూస్తే ఫొటోల చివర ఒకటి కొత్తగా ఉంది. వంతెన మధ్యలో లారీ, తలుపు వైపు నుంచి తీసింది, లోపల ఎవరూ లేరు. తారీఖు నేను తోలిన రోజుదే. స్క్రీన్‌షాట్ బటన్ మీద నా వేలు పడి ఉంటుంది. పడే ఉంటుంది. కానీ నేను వంతెన దాకా పోయినట్టు నాకు గుర్తు లేదు.

రెండో ఏడు దాటాక ఖాలా ఆలోచన ఇంకో దారి పట్టింది. కొడుకు బతికే ఉన్నాడు, ఫొటోలకు తాళమేశాడు, అంటే తన మీద కోపం. ఆ పొద్దున ఆమె ఏదో అన్నదట. "నీ ఆట పాడుగాను, మిల్లుకు పోవా అన్న బేటా. గందుకే పోయిండు. నా మీద గుస్సా ఉంది వానికి." నా మాట బరువును ఆమె తన తల మీద పెట్టుకుంది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. "రాయి బేటా, అమ్మీ మాఫ్ అడుగుతుందని రాయి" అంది. నా ఖాతాలోంచి సలీంకు రాసి పంపాను. కొన్నాళ్లకు మళ్లీ వాడి పేరుతో వెళ్లినప్పుడు అది నా కళ్ల ముందు తెరుచుకుంది. తర్వాతి శుక్రవారం ఆ సందేశం కింద చూశారు అనే గుర్తు వచ్చి ఉంది. ఖాలాకు అక్షరాలు రాకపోయినా టిక్కు రంగు మారడం తెలుసు. సదివిండు, సదివిండు అని కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషం ఉంది. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

పోయిన వారం తెగించాను. ఏమైతే అదవుతుంది, ఆ ఫొటో చూపించి, నా మాట చదివి వినిపించి, తాళం కూడా నేనే వేశానని చెప్పేద్దామనుకున్నాను. పొద్దున్నే వెళ్లి అన్నిటినీ అందరికీ కనిపించేలా మార్చాను. ఆమె వచ్చింది. ప్రొఫైల్ తెరిచాను. రోడ్లు, మంచు, సొరంగాలు వరుసగా వచ్చాయి. ఖాలా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మాఫ్ చేసిండు" అంది. "బేటా, మాఫ్ చేసిండు నన్ను."

నేను నోరు తెరిచాను. ఆమె వినడం లేదు. ఒక్కొక్కటే చూస్తూ, గుర్తుపడుతూ, తల ఊపుతూ పోతోంది. నా మాట ఉన్న ఫొటో దగ్గర ఆగింది. "దీంట్ల ఏం రాసుంది?" అని అడిగింది. ఆ పొద్దుటిది, ఆట మాటలు ఖాలా అన్నాను. ఆ తర్వాతిది వంతెన మీది ఖాళీ లారీ. ఆమె తెర మీద చెయ్యి పెట్టింది. "గిది నేను చూడలే. గిది దాని తర్వాతది, కొత్తది. మొన్న మొన్న తీసిండు." చెయ్యి చాలాసేపు తియ్యలేదు. తర్వాత, ఇగ ఇంటికి రమ్మని రాయి అంది.

రాశాను. ఆ సందేశం ఇప్పుడు వాడి ఖాతాలో ఉంది. దాన్ని తెరవగలిగేది నేనొక్కణ్ణే. తెరిస్తే కొడుకు బయల్దేరుతున్నాడనుకుంటుంది. తెరవకపోతే మళ్లీ ఏం తప్పు చేశానని తనను తాను తవ్వుకుంటుంది.

పోయి సావు అన్నది నేను. ఫొటోలు దాచింది నేను. నాలుగేళ్లుగా ఆమె కొడుకుగా ఆ తెర వెనక కూర్చున్నది నేను. ఈ మూడు వాక్యాలు రాసి మళ్లీ చదువుకుంటే కొంచెం తేలికగా ఉంది. అలా తేలికపడటం సిగ్గుగా కూడా ఉంది, ఎందుకంటే చెప్పింది మీకు, ఖాలాకు కాదు. రేపు శుక్రవారం.