హైదరాబాద్ సీటు

కందుకూరుల ఉండే మా పెద్దమ్మ బిడ్డకు హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ సీటు వచ్చిందని తెలిసిన నాడు నాకు అన్నం సయించలే. నాకు ర్యాంకు రాక మా ఇబ్రహీంపట్నంలనే డిగ్రీల చేరిన.

కాలేజీ పేరు పక్కన హైదరాబాద్ అని చూసి అది దాన్నే మొదటి ఆప్షన్ పెట్టిందట. తీరా పోయి చూస్తే ఆ కాలేజీ సిటీ నుంచి వస్తే మా ఊరు దాటినంక చేన్ల నడుమ ఉంది. సిటీకి నా కాలేజే దగ్గర! ఆ రోజు మస్తు నవ్విన. కడుపుల మంట జర చల్లారింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలే. కందుకూరు నుంచి రోజూ వచ్చుడు కష్టమని పెద్దమ్మ దాన్ని తెచ్చి మా ఇంట్లనే దింపింది. అమ్మ నా మంచం దానికిచ్చి, నన్ను చాప మీద పండుమన్నది. పొద్దుగాల దాని టిఫిన్ డబ్బా ముందు, నాది ఎనుక. సిటీ పిల్లలతోని నిండిన కాలేజీ బస్సు మా గల్లీ మూల మీద ఆగితే అది ఎక్కి పోతది. నేను ఆ దుమ్ముల నడుస్త.

మొన్న పక్కింటామె అడిగింది: "ఈ పిల్ల ఏడ చదువుతది?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అన్నది: "హైదరాబాద్‌ల."

"మరి నీ బిడ్డ?"

"గిదా? ఈడనే, ఊర్లె."