ఎగిరిపడింది చేపేనా?

దెయ్యాలంటే నాకు భయం లేదు, మర్యాద అసలే లేదు. ఎవరైనా ‘ఇది నిజంగా జరిగింది’ అని మొదలుపెడితే, ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, కళ్ళజోడు పెట్టుకున్నారా అని అడిగే రకాన్ని. అలా నాచేత మాటలు పడ్డవాళ్ళు ఇది చదువుతుంటే, ఇప్పుడు మీ వంతు, కానివ్వండి.

నేను చదివింది జువాలజీ. పద్నాలుగేళ్ళుగా జర్మనీలో, ఎష్‌బోర్న్‌లో ఉంటున్నాం. మావారిది ఐటీ ఉద్యోగం. మా అమ్మాయి మేఘన ఆకెన్‌లో మాస్టర్స్ చేస్తోంది. మొన్న మే నెలలో మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరున్నారు.

ఆ శనివారం పొద్దున మేఘనకీ నాకూ ఫోన్లో పెద్ద గొడవైంది. గది మారి రెండు నెలలైనా కొత్త చిరునామాకి అన్‌మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో నమోదు, చేయించుకోలేదు. నానా తంటాలూ పడితే దొరికిన టెర్మిన్‌కి, అదే అపాయింట్‌మెంట్‌కి, వెళ్ళడం మరిచిపోయిందట. ఊరుకుంటానా? నోటికొచ్చినవన్నీ అన్నాను. అది ఫోన్ పెట్టేసింది. ఈసారి తనంతట తను ఫోన్ చేసేదాకా నేను చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇంట్లో కాలు నిలవక సాయంత్రం అత్తయ్యని తీసుకుని బస్సులో మైన్ నది ఒడ్డుకి వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్నాం. ఒడ్డుకి దగ్గర్లోనే పెద్ద చేప ఒకటి నీళ్ళలోంచి నిలువునా లేచి దబ్బున పడింది. నా చెయ్యంత ఉంటుంది. కార్ప్ అనుకుంటాను. మైన్‌లో అంతంత చేపలు ఎగరవని మావారు వాదిస్తారు కాబట్టి వెంటనే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను.

ఎందుకలా ఎగురుతాయని అత్తయ్య అడిగారు. అడగడమే ఆలస్యం. ఒంటికి పట్టిన పురుగుల్ని విదిలించుకోవడానికని కొందరంటారు, కిందనుంచి ఇంకా పెద్దది తరిమితే అని కొందరంటారు, గాలి కోసమని ఇంకొందరంటారు, అందరూ ఒప్పుకున్న జవాబు ఇంతవరకూ లేదు అని చెప్పాను. నీళ్ళలో ఉండే దానికి గాలెందుకన్నారు ఆవిడ. కార్ప్‌కి కడుపులో గాలితిత్తి ఉంటుంది, దాన్ని నింపుకుంటేనే నీళ్ళలో ఏ లోతున కావాలంటే ఆ లోతున నిలబడగలదు అన్నాను. ఆవిడ నమ్మలేదు. నేను వదల్లేదు.

చేప మళ్ళీ లేచింది. అప్పుడు అత్తయ్య నీళ్ళవైపు చూస్తూ మెల్లగా అన్నారు. “ఎగిరిపడింది. ఇక చాలు గానీ, ఫోన్ చెయ్యవే.”

తెలుగులో చేపకీ ఆడదానికీ క్రియ ఒకటే. పైగా మా ఇంట్లో ‘ఎగిరిపడింది’ అంటే నేనే. పొద్దున్నించీ మనసులో పెట్టుకున్న దెప్పిపొడుపు ఇప్పుడు బయటికొచ్చిందని నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చెయ్యకపోగా గొంతు పెంచాను. “పైకి రావాలి, నోరు తెరవాలి, గాలి మింగాలి. అంతే. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు” అన్నాను. పక్క బెంచీ మీది జర్మన్ దంపతులు లేచి వెళ్ళిపోయారు.

ఇంటికి చేరుతుండగా తెలియని నంబరు నుంచి ఫోను. ఆకెన్‌లో ఒక ఆసుపత్రి. మేఘన సైకిల్ మీద వస్తూ దారి పక్కన వాననీరు నిలవచేసే చెరువులో పడింది. భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది, ప్రాణానికి ప్రమాదం లేదు. అత్తయ్యని మావారికి అప్పగించి రైలెక్కాను. దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు. వీడియో ఎవరికీ పంపలేదు. ఈ రెండూ గుర్తుంచుకోండి.

నన్ను చూడగానే మేఘన ఏడవలేదు. వింతగా చూసింది.

“మమ్మీ, కింద అంతా డుంకెల్, ఏం కనబడట్లేదు. బ్యాక్‌ప్యాక్ లాగేస్తోంది. ఏది పైనో తెలీలేదు. నువ్వు ఎవరితోనో ఆర్గ్యూ చేస్తున్నావ్. పైకి రావాలి, నోరు తెరవాలి, గాలి మింగాలి అన్నావ్. నీ ఆ టోన్‌లోనే. నీ గొంతు ఎటు వినబడితే అటు తన్నుకుంటూ వచ్చా.”

కుక్కని తిప్పడానికొచ్చిన ఒక పెద్దావిడ మేఘనని ఒడ్డుకి లాగిందట. నీళ్ళు కదలకుండా ఉన్నాయనీ, అంతలో అమ్మాయి ఛాతీదాకా పైకి లేచిందనీ, మొదట పెద్ద చేప అనుకున్నాననీ ఆవిడ నర్సుతో చెప్పింది.

మేఘన పడ్డ సమయం దాని చేతి వాచీలో నమోదైంది. నాలుగు యాభై ఒకటి. నా వీడియోలో చేప రెండోసారి ఎగిరింది, అత్తయ్య మాట, నా అరుపు, అన్నీ ఆ నిమిషంలోనూ తర్వాతి నిమిషంలోనూ ఉన్నాయి. వంద సార్లు చూశాను.

భయంలో మెదడు ఏవో గొంతులు అల్లుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అవే మాటలు, అదే వరసలోనా? చేపల గురించి దానికి నేనెప్పుడూ చెప్పలేదు. చెబితే వినే పిల్లా అది?

అత్తయ్యకి ముందే ఏదో తెలిసిందనుకుని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “నాకేం తెలుస్తుందే? నిన్నే అన్నాను. పొద్దున పిల్ల మీద ఎగిరిపడ్డావుగా, ఫోన్ చేసి మాట్లాడమన్నాను.”

ఆ ఒక్క ఆధారమూ అలా పోయింది. ఆవిడ చెప్పగానే ఫోన్ చేసి ఉంటే నేను అరిచేదాన్ని కాదు. అరవకపోతే ఏమయ్యేదో ఆలోచించబోతాను, కుదరదు, లేచి గదంతా తిరుగుతాను. దాదాపు మూడు గంటల రైలు ప్రయాణమంత దూరంలో, నీళ్ళ అడుగున, నా గొంతు ఎలా వినబడిందో నాకు తెలియదు.

ఈమధ్య ఫోన్లో నేను మెత్తగా మాట్లాడితే మేఘన కాసేపు ఓర్చుకుంటుంది. తర్వాత, “మమ్మీ, మామూలుగా అరువు” అంటుంది. అరుస్తాను. ఎందుకో అది చెప్పదు, నేనడగను.