ముప్పై ఏడో దూలం

ఆ నంబరు నేను తప్పు రాయలేదు. ఈ మాట ఇన్నేళ్లకు గొంతు పెంచకుండా చెప్పగలుగుతున్నాను.

కాశిబుగ్గలో దుకాణాల బోర్డులు రాసుకునే నన్ను, చేతిరాత బాగుందని ఒక పాత మండపం పనికి పిలిచారు. మండపాన్ని విప్పి, కుంగిన నేలను గట్టిచేసి, మళ్లీ అవే రాళ్లతో కట్టాలి. విప్పేముందు ప్రతి రాయికీ ఉత్తరం వైపు నంబరు రాయడం నా పని. తిరిగి కట్టేటప్పుడు నంబరు ఉత్తరానికి ఉంటే రాయి సరిగ్గా ఉన్నట్టే.

తీరా కట్టేటప్పుడు ముప్పై ఏడో దూలం పట్టలేదు. బెత్తెడు ఎక్కువైంది. పక్కనున్న ముప్పై ఆరు మీది నంబరు తాళ్ల రాపిడికి చెరిగిపోయింది. దాన్ని అంచనాతో పెట్టారు. ముందు దాన్ని తిప్పి చూడమన్నాను. సూపర్‌వైజర్ సారు వినలేదు. "నంబర్లు తారుమారు రాసింది నువ్వే" అని కూలీలందరి ముందూ అన్నాడు. దూలాన్ని గడ్డిలో పడేసి, ఆ చోట సిమెంటు పోయించాడు.

ఆ మాట నాకంటే ముందే కాశిబుగ్గ చేరింది. బోర్డు రాయించుకునే ప్రతివాడూ, "అన్నా, ఫోన్ నంబర్ జర చూసి రాయే" అనేవాడు. ఎవరెవరు అన్నారో ఇప్పటికీ చెప్పగలను. అర్జీలు పెట్టాను. పరిశీలిస్తామని ఒక జవాబు వచ్చింది, అంతే.

మొన్న పురావస్తు శాఖవాళ్లు ఆ మండపం మీద వీడియో గేమ్ చేశారని, హన్మకొండలో ఒక కాలేజీలో ఆడిస్తున్నారని తెలిసింది. గడ్డిలో పడున్న దూలంతో సహా రాళ్లన్నీ కొలిచి కంప్యూటర్లోకి ఎక్కించారట. పాతవాళ్లు ఎలా కట్టారో జనం కట్టి తెలుసుకోవాలట. అందులోనూ నా తప్పే అని ఉంటే ఇక ఎన్ని అర్జీలు పెట్టినా చెరగదు. ఆటో ఎక్కాను.

ముందు వరుస కుర్చీలో రిటైరైన ఆ సూపర్‌వైజరే ఉన్నాడు.

"ఏమయ్యా, ఇంకా మర్చిపోలేదా?"

"మర్చిపోనీకె నేనేం తప్పు జేసిన్నని సార్?"

గేమ్ చేసిన అమ్మాయి నా సంగతంతా విని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద మండపం ఇప్పుడున్నట్టే ఉంది, సిమెంటు పోసిన చోటు మాత్రం ఖాళీ. ముప్పై ఏడు ఆ తెర మీదా పట్టలేదు.

"అమ్మా, పక్కదాన్ని తిప్పొచ్చా?"

"తిప్పుండ్రి అంకుల్. ఈ బటన్ నొక్కితే తిరుగుతది."

ముప్పై ఆరు అటుది ఇటు తిరిగింది. దాని చివర చెక్కిన గాడి నా దూలం వైపుకు వచ్చింది. ముప్పై ఏడు అందులోకి జారి కూర్చుంది. తెర మీద పచ్చ దీపం వెలిగింది.

"రాళ్ల కొలతలు గూడ అదే చెప్తున్నయ్ అంకుల్. నంబర్ కరెక్టే," అంది ఆ అమ్మాయి.

సూపర్‌వైజర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ రోజు క్రేన్ ఎల్లిపోయే తొందరల ఉంటిమి," అన్నాడు. అది క్షమాపణ కాదు. అయినా గుండెల మీది బరువు దిగినట్టు ఊపిరి ఆడింది.

వెనక వరుసలోంచి ఒక కాలేజీ పిల్ల, "తాతా, మాకు గూడ జర ఇయ్యరాదే" అంది.

ఇస్తానన్నాను. దూలాన్ని బయటికి లాగి మళ్లీ పెట్టాను. ఆ తర్వాత ఇంకోసారి.