బోర్లించిన బకెట్ల వీధి

తొంభైల నడుమ ఒక ఏడాది మా సెక్టర్ 4 ఆడవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. మా స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్‌లో ఆడవాళ్ల చరిత్రను నడుచుకుంటూ చూపించాలని. నేను హిస్టరీలో బి.ఏ. చేసి, ఆపైన ఇంట్లో ఉన్నాను. గైడ్ పదవికి ఈ రెండు అర్హతలూ సరిపోయాయి.

నిజానికి ఆలోచన మా పెద్దమ్మది. మా వీధి చివర వాడకంలో లేని సైకిల్ షెడ్డులో ఆవిడ ఏళ్ల తరబడి కుట్టు క్లాసు నడుపుతోంది. దాన్ని ఖాళీ చెయ్యాలని ఆఫీసు నుంచి కబురొచ్చింది. మహిళా మండలి అధ్యక్షురాలు ఒక పెద్దాఫీసరు భార్య, హిందీ ఆవిడ. ఆమె ఒక్క మాటంటే షెడ్డు దక్కుతుంది.

"ఊరికే రమ్మంటే రాదు. సరిత్ర సూపిస్తామంటే వొస్తాది," అంది పెద్దమ్మ. మా చరిత్ర ఆ షెడ్డు దగ్గరే ముగియాలని అప్పుడే తీర్మానమైపోయింది.

మేడమ్ గారు నడకను ఒక వారం వాయిదా వేశారు. ఆఫీసర్ల ఇళ్లలో వారమంటే వారమే. మా వీధిలో వారమంటే షిఫ్టు మారడం. పగటి డ్యూటీల వీధి కాస్తా నైట్ డ్యూటీల వీధి అయింది.

నడక రోజు ఉదయం అంతా బాగానే మొదలైంది. స్కూలు గేటు దగ్గర తొలినాటి టీచరమ్మల గురించి గట్టిగా చెప్పాను. మార్కెట్లో, ఛత్తీస్‌గఢీ దీదీలు అమారీ భాజీ అని అమ్ముతున్నది మన గోంగూరేనని మా అమ్మల తరం కనిపెట్టిన చోటు చూపించాను. ఇంతకన్నా చిన్న ఆవిష్కరణలకు విగ్రహాలు లేచాయి. మేడమ్ గారు నవ్వారు. పెద్దమ్మ మొహంలో షెడ్డు సగం దక్కిన కళ.

మా వీధి మలుపు తిరిగాం. గేటు గేటుకీ ఒక బకెట్ బోర్లించి ఉంది. వెనకాల వస్తున్న ఆడవాళ్లంతా ఠక్కున మాటలాపి, చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నారు. నేనూ సగం వాక్యంలో ఆగిపోయాను.

"క్యా హువా?" అన్నారు మేడమ్ గారు, సభలో అడిగినంత గొంతుతో.

పక్కనున్న ఒకావిడ అలవాటుగా ఆమెవైపు తిరిగి నోటిమీద వేలు పెట్టింది. టౌన్‌షిప్‌లో ఆమె ముందు ఆ పని అంతకు ముందెవరూ చేసి ఉండరు. మేడమ్ గారి మొహం బిగుసుకుంది.

పెద్దమ్మ నా చెవిలో, "ఏటే, నోరు పడిపోనాదా? సెప్పవే," అంది.

"గట్టిగానా?"

"గట్టిగా సెప్తే మీ పెదనాన్న లెగిసిపోడేటి?"

అందుకని ఆ చరిత్రను మేడమ్ గారి చెవిలో గుసగుసగా చెప్పాను. బకెట్ బోర్లించి ఉంటే, రాత్రంతా ఫర్నేస్ దగ్గర పనిచేసిన మనిషి లోపల నిద్రపోతున్నాడని అర్థం. కూరలబండి భయ్యా అరవడు. పోస్ట్‌మ్యాన్ బెల్లు కొట్టడు. ఆ ఇంటి కుక్కర్ పక్క వీధిలో పగటి డ్యూటీ వాళ్లింట్లో కూస్తుంది. ఇక పిల్లల నోటికి మూతలుండవు కాబట్టి, వాళ్లను వీధి చివర సైకిల్ షెడ్డుకు తోలేవారు. కాపలా కూర్చున్న తల్లులకు చేతులు ఊరుకోక, ఒకరి కుట్టుమిషను అక్కడికి చేరింది. క్లాసు అలా పుట్టింది.

"ఈ రూలు ఆఫీసు పెట్టిందా?" మేడమ్ గారూ గుసగుసలోకి దిగారు.

"లేదండీ, ఆడవాళ్లు. అందుకే అందరూ పాటిస్తారు."

ఆమె కాసేపు బకెట్లవైపు చూశారు. తరవాత వంగి తన ఎత్తు మడమల చెప్పులు విప్పారు.

షెడ్డులో పిల్లలు కావలసినంత గోల చేస్తున్నారు. మేడమ్ గారు ఒక మిషను ముందు స్టూలు మీద కూర్చుని, పెద్దమ్మ ఇచ్చిన టీ చాలాసేపు తాగారు. "కొత్తలో మా ఆయనకూ నైట్ డ్యూటీలే," అన్నారు హిందీలో. "బాబు ఏడిస్తే ఎత్తుకుని మెట్లమీద కూర్చునేదాన్ని. ఒక్కదాన్నే." పెద్దమ్మ గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

కొన్నాళ్లకు ఆఫీసు నుంచి మళ్లీ మనిషి వచ్చాడు. ఖాళీ చేయించడానికి కాదు, కప్పు రేకులు బాగుచెయ్యడానికి. పొద్దున్నే సుత్తి పట్టుకుని మలుపు తిరిగినవాడు, బకెట్లు చూసి ఆగిపోయాడు. చెప్పులు చేత్తో పట్టుకుని షెడ్డులోకొచ్చాడు.

"కూకో భయ్యా, టీ తాగు," అంది పెద్దమ్మ. "సాయంత్రం దాకా తొందరేటి?"