బెల్లం అడిగిన శుక్రవారం

గత ఏడాది ఆగస్టు రెండో శుక్రవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నా ఒంట్లో తేడా బయటపడింది. ప్రార్థన కూడికకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి, గడియారం చూసి టైము రాసుకోవడం నా అలవాటు. ఆ రోజు మొదటిసారి లెక్కపెడితే ముప్పై నాలుగు వచ్చింది. అనుమానమొచ్చి మళ్ళీ పెడితే ఇరవై తొమ్మిది. మధ్యలో ఎవరూ లేచి పోలేదు. మూడోసారి మొదలుపెట్టి, పదకొండు తర్వాత ఏ అంకె వస్తుందో మర్చిపోయాను. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఉండేది మార్కాపురంలో. రిటైరైనప్పటి నుంచి ఊళ్ళు తిరిగి బైబిలు వాక్యం చెబుతున్నాను. అప్పట్లో ప్రతి గురువారం మధ్యాహ్నం బస్సులో గిద్దలూరు, అక్కణ్ణుంచి కొమరోలు, తర్వాత ఆటో. ఈ కూడిక జరిగే ఊళ్ళో విశ్వాసుల ఇళ్ళు ఇరవై రెండు. గురువారం సాయంత్రం అన్ని ఇళ్ళకూ వెళ్ళాలి. ఒకరింట్లో బోరులో నీళ్ళు పడాలని ప్రార్థన, ఇంకొకరింట్లో కూలికి పోయే మనిషి తాగుడు మానాలని. ప్రతి ఇంట్లో చాప వేస్తారు, కాఫీ ఇస్తారు. చక్కెర వద్దంటే, వాళ్ళింట్లో చక్కెర లేదని ఎవరో నాకు చెప్పారనుకుంటారు. అందుకని రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేదాన్ని.

ఈ పనికి జీతం లేదు. గుమ్మం లోపలికి పిలిస్తే పని ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు. పోతే నాకు పోయేది ఆ గుమ్మాలే. అది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

నాకు పద్దెనిమిదేళ్ళుగా షుగరు. ఉదయం ఏడింటికి ఇన్సులిన్ ఇంజెక్షన్, దాంతోపాటు ఒక మాత్ర, అరగంటకు టిఫిను. తప్పనని డాక్టరుకు మాటిచ్చాను, ఒక్కరోజూ తప్పలేదు. ఆ శుక్రవారం ఉపవాస కూడిక. ఊరిలో మూడేళ్ళుగా వానలు సరిగ్గా లేవు. మూడింటి దాకా ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ముందు నెలలో నేనే చెప్పి ఒప్పించాను. ఉపవాసం పెట్టినవాళ్ళు తినడం ఎలా కుదురుతుంది? ఏడింటికి ఇంజెక్షన్ వేసుకున్నాను, మాత్ర మింగాను, టిఫిను మానేశాను. డాక్టరుకిచ్చిన మాటా నిలబెట్టాను, దేవునికిచ్చిన మాటా నిలబెట్టాను అనుకుని కూడికకు నడిచాను. రెండు మాటలు ఒకదాన్నొకటి చంపుకుంటాయన్న ఆలోచనే రాలేదు.

నేను రాత్రి బస చేసేది సలోమి ఇంట్లో. ఆమెకు యాభై దాటాయి, వేరుశనగ చేలల్లో కూలికి పోతుంది. మందిరం ఆమె ఇంటి వెనకాలే, రేకుల షెడ్డు. మూడింటికి ఉపవాసం విడవడానికి బొరుగులు, బెల్లం గంపలో పోసి, పైన తువ్వాలు కప్పి సలోమి ఆ షెడ్డు మూలన పెట్టింది.

లెక్క తప్పిన తర్వాత చెమట పట్టింది. చీర వీపుకు అంటుకుపోయింది. చేతిలో బైబిలు అక్షరాలు రెండుగా కనబడ్డాయి. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. నాకు గుర్తున్నది ఇంతవరకే. ఇక్కణ్ణుంచి పన్నెండు గంటల యాభై నిమిషాల దాకా జరిగింది సలోమి చెబితే తెలుసుకున్నాను. ఆమె చెప్పింది మరో ముగ్గురిని అడిగి సరిచూసుకున్నాను.

నేను ముందు వాక్యం మధ్యలో ఆపి, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళను బూతులు తిట్టానట. నా నోట అటువంటి మాటలు ఉన్నాయని నాకే తెలియదు. తర్వాత మూలకు నడిచి గంప మీద తువ్వాలు లాగేశాను. సంఘ పెద్ద దేవదానం లేచి గంప ముందు నిలబడ్డాడు. అరవై ఏళ్ళ మనిషి, మంచివాడు, నా బ్యాగు ఎప్పుడూ తనే మోసేవాడు.

“అమ్మగారూ, ఉపవాసం. మీరే పెట్టినారు గదా” అన్నాడట.

నేను ఆయన చెయ్యి పట్టుకుని కొరికాను. బొటనవేలు దగ్గర కండ ఊడేదాకా వదల్లేదు. ఆయన విదిలిస్తే కిందపడ్డాను. లేచి మైకు స్టాండు ఎత్తాను. ఇనప స్టాండు. నన్ను పట్టుకోవడానికి ముందుకొచ్చింది సలోమి. తిప్పి కొట్టిన దెబ్బ ఆమె ఎడమ చెవి మీద పడింది. ఆమె మోకాళ్ళ మీద కూలబడింది, వేళ్ళ మధ్య నుంచి రక్తం కారింది. అది చూసి కూడా నేను ఆగలేదు, రెండోసారి ఎత్తాను.

దయ్యం పట్టిందని ఎవరో అన్నారు. అన్నాక ఇంకెవరికీ వేరే ఆలోచన రాలేదు. తలుపు వేశారు. నలుగురు మీద పడి చేతులూ కాళ్ళూ పట్టుకున్నారు. ఒకామె నా జుట్టు చేతికి చుట్టుకుని తల నేలకు అదిమిపెట్టింది. మొహం మీద ప్రార్థన నూనె పోశారు. దేవదానం నా ఎడమ మణికట్టు మీద మోకాలు పెట్టి కూర్చుని, రక్తం కారుతున్న చేత్తోనే నా నోటి మీద కొట్టడం మొదలుపెట్టాడు. మా సంఘాల్లో దయ్యాన్ని పేరు అడుగుతారు. పేరు చెబితే లొంగినట్టు.

“నీ పేరేంది? చెప్పు, నీ పేరేంది?”

“బెల్లం” అన్నానట.

మళ్ళీ కొట్టి మళ్ళీ అడిగారు. మళ్ళీ బెల్లమే అన్నాను. ఆ మాటకు వెనక వరసలో ఎవరో నవ్వారట. ఆ నవ్వు తప్పని నేను అనను, అక్కడుంటే నేనూ నవ్వేదాన్నేమో. దేవదానం మాత్రం గంప బయట పెట్టించాడు. “అడిగేది ఆమె కాదు, లోపల ఉండేది. పెడితే బలం వస్తాది దానికి. ఎవురూ పెట్టగాకండి” అన్నాడు. నా ముందు పళ్ళు రెండు అప్పుడే పోయాయి. మణికట్టు విరిగిన చప్పుడు తనకు వినిపించిందని సలోమి చెప్పింది. దెబ్బతిన్న ఆ చెవితో ఆమె విన్న చివరి చప్పుడు అదేనేమో నాకు తెలియదు, అడగలేదు.

చీర కొంగుతో నా చేతులు కట్టారు. నా అరుపు సన్నబడి మూలుగయింది. దయ్యం నీరసపడుతోందని పాట ఎత్తుకున్నారు. పాట జోరు మీద ఉండగా సలోమి చెవికి గుడ్డ అదుముకుని బయటికి పోయి, పిడికెడు బెల్లం చెంబులో నలిపి నీళ్ళు కలిపి తెచ్చింది. దేవదానం అడ్డం వచ్చాడు. ఆమె ఆయన్ని భుజంతో తోసి, నా తల ఒళ్ళోకి తీసుకుని, కొద్దికొద్దిగా నోట్లో పోసింది. నేను మింగాను. అప్పటికి ఇంకా మింగే తెలివి ఉంది. చెంబు ఖాళీ అయ్యాక ఆమె 108కి ఫోన్ చెయ్యమని అరిచింది.

అంబులెన్స్ అబ్బాయి నా వేలు పొడిచి చూస్తే షుగర్ ముప్పై ఎనిమిది. అదీ బెల్లం నీళ్ళు తాగిన తర్వాత. “షుగర్ డౌన్ అయింది. ఈమెను కొట్టింది ఎవరు?” అని అడిగాడట. నరానికి డెక్స్ట్రోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచి నేను అడిగిన మొదటి మాట, “టైమెంత?” పన్నెండు యాభై అన్నాడు. ఎదురుగా సలోమి చెవికి ఎర్రగా తడిసిన గుడ్డ పెట్టుకుని కూర్చుని ఉంది. ఏమైంది సలోమీ అంటే, “ఏమీ లేదమ్మా, పడినా” అంది.

గిద్దలూరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. దీన్ని హైపోగ్లైసీమియా అంటారని చెప్పింది. మెదడుకు చక్కెర అందకపోతే మనిషి తాగినవాళ్ళలా అవుతారని, కొందరు కొడతారని, కరుస్తారని చెప్పింది. ఇన్సులిన్ వేసుకుని ఎందుకు తినలేదని అడిగింది. రెండు మాటల సంగతి చెప్పాను.

“రెండూ పర్‌ఫెక్ట్‌గా పాటించారు. అందుకే ఇక్కడున్నారు” అంది.

ఎక్స్‌రేలో మణికట్టు ఫ్రాక్చర్, పక్కటెముకకు చీలిక. పిండికట్టు వేశారు. సాయంత్రానికి ఒళ్ళు తేలికపడింది, ఇంటికి పోతానని పట్టుబట్టాను. డాక్టరు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి ఒప్పుకోకపోవడం వల్లే బతికాను. ఏడింటికి షుగర్ మళ్ళీ యాభైకి దిగింది. మళ్ళీ ఒళ్ళు తడిసి ముద్దయింది, నర్సు చెయ్యి విసిరికొట్టాను. ఉదయం మింగిన మాత్ర సంగతి అప్పటిదాకా నేను చెప్పనేలేదు. రక్త పరీక్షలో క్రియాటినిన్ ఒకటి పాయింట్ తొమ్మిది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. కిడ్నీ నెమ్మదించినవాళ్ళలో ఆ మాత్ర ఒంట్లోంచి తొందరగా పోదట. మూడు రోజులు గ్లూకోజ్ సెలైన్ మీద ఉంచి, మాత్ర ఆపేసి, ఇన్సులిన్ తగ్గించి పంపారు.

సలోమికి ఆ చెవి వినపడడం లేదని, కొట్టింది నేనేనని పది రోజుల తర్వాత గాని నాకు తెలియలేదు. ఒంగోలు తీసుకుపోయాను. ఈఎన్‌టీ డాక్టరు ఆడియోగ్రామ్ తీసి, “పొర అతుక్కుంటుందమ్మా. లోపల నరం దెబ్బతింది, అది రాదు” అన్నాడు. సలోమి కుడి చెవి ఆయన వైపు తిప్పి మళ్ళీ చెప్పమంది. ఆయన మళ్ళీ చెప్పాడు.

ఇక ఊరికి రావద్దని దేవదానం ఫోన్ చేశాడు. కోపంగా చెప్పలేదు, బతిమాలుతున్నట్టు చెప్పాడు. పిల్లలు భయపడుతున్నారన్నాడు. డాక్టరు చెప్పింది మొత్తం వివరించాను. ఆయన ఆఖరి దాకా విని, “డాక్టరు చూసింది డాక్టరు చూసినాది. నేను చూసింది నేను చూసినా. నా చెయ్యి చూసుకుంటే ఇప్పటికీ జలదరిస్తాదమ్మగారూ” అన్నాడు. ఆ కండ ఊడదీసింది నా పళ్ళే.

పిండికట్టు తీసిన వారం, గురువారం మధ్యాహ్నం బస్సెక్కాను. ఊళ్ళో ఆటో దిగి నడుస్తుంటే కొందరు తలుపులు దగ్గరగా వేశారు. ఒక పిల్ల నన్ను చూసి, “బెల్లం అవ్వ వచ్చినాది” అని ఇంట్లోకి పరిగెత్తింది. సలోమి గుమ్మంలో కూర్చుని వేరుశనగ కాయ ఒలుస్తోంది. ఎడమ పక్కనుంచి పిలిచాను, వినపడలేదు. కుడి పక్కకు పోయి నిలబడ్డాను.

ఆమె లేవలేదు.

“ఇది అడగడానికే వచ్చాను సలోమీ. ఆ రోజు షుగరని నీకు తెలుసా?”

“నాకేం తెలుసు. దయ్యమనే అనుకున్నా.”

“మరి ఎందుకు పోశావు?”

“దయ్యమైతే ఏందమ్మా? మా ఇంటికొచ్చి ఆకలని అడిగినంక, లేదని ఎట్ల అనేది?”

ఒళ్ళో చేట పక్కన పెట్టి, కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. “లోపలికి రా. ముందు తిను. ప్రార్థన తర్వాత” అంది. సంగటి, శనక్కాయ పచ్చడి పెట్టింది. ముందు పళ్ళు లేక మెల్లగా తిన్నాను. తినేదాకా ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేను పారిపోకుండానో, బయటివాళ్ళు రాకుండానో తెలియదు.

ఇప్పుడు నెలకు ఒకసారే పోతున్నాను. సలోమి ఇంట్లో తిన్న తర్వాతే కూడిక. ఆమె నా ఎడమ పక్కన కూర్చుంటుంది, కుడి చెవి నా వైపు ఉండేటట్టు. దేవదానం వస్తాడు, వెనక వరసలో కూర్చుంటాడు, నా బ్యాగు ఇప్పుడు మొయ్యడు.

షుగరుకు మందు వాడే విశ్వాసులకు, వాళ్ళను పిలిచే సంఘాలకు నేను చెప్పేది ఒక్కటే. ఉపవాసం అనుకున్నప్పుడు ముందుగానే డాక్టరును అడగండి, వద్దంటే మానండి; మీకు షుగరుందని బస చేసిన ఇంటివాళ్ళకు చెప్పండి. షుగరు మనిషి ఉన్నట్టుండి చెమటలు పట్టి, తిట్టి, కొట్టబోతే పేరు అడక్కండి. మింగే తెలివి ఉంటే చక్కెర నీళ్ళు పట్టండి. లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

పోయినవి రాస్తున్నాను. సలోమి ఎడమ చెవి. దేవదానం బొటనవేలి దగ్గర కండ. నా ముందు పళ్ళు రెండు. ఎడమ చెయ్యి పూర్తిగా తిరగడం. ఇరవై రెండు గుమ్మాల్లో తొమ్మిది. గుర్తులేని గంటా నలభై నిమిషాలు.