చూసి వేసే కరెంటు

హనుమంతుకు కావలసింది ఒక్కటే. జానమ్మ తనతో ఒక మాట మాట్లాడాలి. తిట్టినా సరే, దుమ్మెత్తిపోసినా సరే. పదేళ్లుగా అదొక్కటే దొరకలేదు.

కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డున లాంచీ దగ్గర పనిచేసేవాళ్లకు ఈ సంగతి చెబితే నమ్మరు. వాళ్లకు తెలిసిన హనుమంతు ఒట్టి చాదస్తపు మనిషి. గొర్లు కాచే ఇంట పుట్టి, బోరు మోటార్లు బాగుచేయడం నేర్చి, యాభై దాటాక లాంచీకి కరెంటిచ్చే పనిలో కుదిరాడు. రెండంతస్తుల లాంచీ అది. హైదరాబాదు నుంచీ జడ్చర్ల నుంచీ వచ్చిన జనం పగలంతా నీళ్ల మీద తిరిగి, రాత్రి అందులోనే పడుకుంటారు. మొదట్లో జనరేటర్ నడిపేవారు. పొగకు కళ్లు మండి, చప్పుడుకు నిద్ర పట్టక జనం తిట్టిపోసేసరికి, ఒడ్డు మీద స్తంభం పాతి, డబ్బా బిగించి, లావుపాటి తీగతో లాంచీకి కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు. లాంచీ ఒడ్డుకు రాగానే తీగ తగిలించడం, డబ్బాలో ఫ్యూజు పెట్టి మీట ఎత్తడం హనుమంతు పని.

వినడానికి చిటికెలో పని. ఆయన చేతిలో పడితే అరగంట! ముందు ఫ్యూజు పీకి రొండిన దోపుకుంటాడు. మెట్లు దిగి లాంచీ చుట్టూ తిరిగి, నీళ్లలోకి వంగి వంగి చూస్తాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాకనే మళ్లీ మెట్లెక్కి వస్తాడు. "ఏందే హనుమంతన్నా, పెండ్లిసూపులకు వచ్చినవా? గంతగనం సూస్తున్నవ్!" అని లాంచీలో పనిచేసే కృష్ణయ్య ఎగతాళి చేసేవాడు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు.

నవ్వనిది జానమ్మ ఒక్కతే. లాంచీలో వంట ఆమెది. హనుమంతు తమ్ముడు లింగస్వామి భార్య. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఎండాకాలంలో, చెలక దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి లింగస్వామి తెగిన తీగ కడుతుంటే, దూరంగా స్విచ్చు దగ్గర హనుమంతు నిలబడ్డాడు. నడుమ గట్టు అడ్డం, మనిషి కనపడడు. గట్టు మీదున్న పక్క చేనాయన "అయిపోయింది, దిగిండు, ఏయ్!" అని కేకేశాడు. హనుమంతు వేశాడు. లింగస్వామి దిగిన మాట నిజమే. ఏదో మరిచిపోయి మళ్లీ ఎక్కాడు.

శవం దగ్గర జానమ్మ ఒక్కటే అడిగింది: "నీ కండ్లతోటి సూసినవా బావా?" అంతే, ఆ తర్వాత ఆయనతో నోరు విప్పలేదు. పొట్టకూటికి ఇద్దరూ ఒకే లాంచీ దగ్గర చేరినా అదే తీరు. "కృష్ణయ్యా, గా కరెంటాయనకు చాయ ఇయ్యి" అనేది, ఆయనకు వినిపించేటట్టే. చాయలో చక్కెర మాత్రం ఆయనకు సరిపడా ఉండేది. అది తాగేటప్పుడల్లా హనుమంతుకు ఏడుపొచ్చేది.

మొన్న వానాకాలం పైనుంచి వరదొచ్చి నీళ్లు పెరిగాయి. లాంచీని ఇంకో చోట కట్టి, వెదురు గుంజల మీదుగా తీగ లాగారు. ఆ హడావిడిలో హనుమంతు బురదలో జారిపడ్డాడు. చీలమండ సొరకాయలా ఉబ్బింది, అడుగు వేయలేక ఒడ్డు మీది డబ్బా పక్కనే కూలబడ్డాడు. జనరేటరా, పొద్దుటి నుంచే మొరాయించింది. సాయంత్రం లాంచీ ఎక్కిన జనం ఉక్కపోతకు గోల మొదలుపెట్టారు.

మేనేజరు గోపాల్ మెట్లెక్కి ఉరికొచ్చాడు. "జల్ది ఏయ్ హనుమంతన్నా. అంత మంచిగనే ఉంది, నేను సూసిన."

"నేను సూడలే సారు. జర ఎవలన్న నన్ను పట్టుకపోండ్రి. సూసొచ్చి ఏస్త."

గోపాల్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "గీ యాల్ల కరెంటియ్యకుంటె రేపటి సంది పనికి రాకు!"

హనుమంతు రొండిన దోపిన ఫ్యూజును గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పని పోతే పోయింది. ఇంకొకరి మాట మీద మీట ఎత్తే ధైర్యం ఈ జన్మకు ఆయనకు లేదు.

అప్పుడు లాంచీ వంటింటి కిటికీలోంచి జానమ్మ తల బయటపెట్టింది. లోపల చీకటి, పొయ్యి మీద కూర అడుగంటుతోంది, పై అంతస్తు నుంచి అరుపులు. విసుగెత్తి గొంతు చించుకుంది.

"అందరు పైననే ఉన్నరు! ఇగ ఏయ్!"

పదేళ్ల తర్వాత మొదటి మాట. హనుమంతు రొండిలోంచి ఫ్యూజు తీశాడు, డబ్బా దాకా చెయ్యి పోయింది. ఆమే చెప్పాక ఇంకేం కావాలి? ఇప్పుడు కాదంటే ఆమె మళ్లీ ఎన్నడూ పలకదేమో. అయినా అడిగాడు.

"జానమ్మా, నీ కండ్లతోటి సూసినవా?"

ఆమె ముఖం జేవురించింది. నన్నే అడుగుతావా అన్నట్టు, గరిటె చేత పట్టుకునే విసవిసా లాంచీ వెనక్కి నడిచింది. చూసొచ్చి మొహం మీద చెప్పాలని.

వెనక కృష్ణయ్య నడుము లోతు నీళ్లలో ఉన్నాడు. గుంజ మీంచి జారి నీళ్లలో పడిన తీగను రెండు చేతులతో పైకెత్తుతున్నాడు. గోపాల్ చూసి పోయాక దిగాడు, ఎవరికీ చెప్పలేదు. "వదినె, గా గుంజ జర ఇటు నూకు" అన్నాడు నవ్వుతూ.

జానమ్మ పెట్టిన కేక ఒడ్డు దాకా వినిపించింది. "నీ పాడుగాను, తీగ ఇడిసిపెట్టు! ఎక్కురా పైకి, ఎక్కు!"

కృష్ణయ్య ఎక్కాడు. జానమ్మ గరిటెతోనే మెట్లెక్కి వచ్చి, హనుమంతు పక్కన నేల మీద కూలబడింది.

"నిజంగనే అందరు పైన ఉన్నరనుకున్న బావా" అంది.

హనుమంతు ఆమె వైపు చూడలేకపోయాడు.

"నేను గూడ దిగిండనే అనుకున్న జానమ్మా."